తోట ఫలం.. ఊరికి బలం

ద్రాక్ష తోటల ఆదాయంతో చదువులు, చిత్రశాల, పేదలకు ఆసరా.. పోర్చుగల్‌లో ఓ ట్రస్టు తీరు

మిరపకాయ లేకుండా మన వంటింట్లో కూర ఉడకదు. కానీ మిరప మన గడ్డ మీద పుట్టిన పంట కాదు. సుమారు అయిదు వందల ఏళ్ల కిందట పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి చేరింది. పొగాకు, జీడిమామిడి, జామ, అనాస కూడా ఆ దారినే వచ్చాయి. ఇల్లు కట్టే మేస్త్రి, బట్టలకు చేసే ఇస్త్రీ, గోడవారన ఉండే అల్మారా.. ఈ మాటలు సైతం ఆ భాష నుంచి దిగినవే. 1498లో కోళికోడ్ తీరానికి వచ్చిన వాస్కోడగామా పేరు బడికి వెళ్లిన ప్రతివారికీ తెలుసు.

మనకు ఇన్ని పంటలు తెచ్చిన ఆ దేశంలో రైతులు ఏం పండిస్తారు, ఎలా అమ్ముకుంటారు అన్నది మాత్రం మనకు పెద్దగా తెలియదు. అక్కడ ఎవొరా అనే పట్టణంలో ఒక ట్రస్టు ఉంది. పేరు యుజేనియో ద అల్మైదా ట్రస్టు. దాని చేతిలో వేల ఎకరాల భూమి ఉంది. అందులో ద్రాక్ష తోటలు, ఆలివ్ తోటలు ఉన్నాయి. పండిన ద్రాక్షతో సొంతంగా వైన్ తయారు చేస్తుంది. ఆలివ్ కాయల నుంచి నూనె తీయిస్తుంది. వచ్చిన లాభం పంచుకోవడానికి వాటాదారులంటూ ఎవరూ లేరు. ఆ డబ్బు విద్యార్థుల ఉపకార వేతనాలకు, చిత్రశాలకు, పాత కట్టడాల మరమ్మతుకు, సేవా సంస్థలకు పోతుంది.

వైన్ మత్తు పానీయమే. తాగమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఉన్న పంట తీసేసి ద్రాక్ష వేయమని చెప్పడం అంతకన్నా కాదు. పండిన పంటకు విలువ ఎలా పెరుగుతుంది? పెరిగిన విలువ చివరికి ఎవరికి చేరుతుంది? ఈ రెండు ప్రశ్నలూ రెండెకరాల రైతుకు కూడా కావలసినవే. అందుకే ఈ కథ చెప్పుకోవాలి.

ఎండలు మండే నేల

ఎవొరా పట్టణం పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు తూర్పున సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ ప్రాంతాన్ని అలెంతేజో అంటారు. దేశం మొత్తం విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు ఇదే. ఐరోపా అనగానే మనకు మంచు, చలి గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వానలు చలికాలంలో పడతాయి. ఎండాకాలం నెలల తరబడి చినుకు రాలదు. ఒక్క మాటలో చెప్పాలంటే అక్కడి మెట్ట ప్రాంతం.

అందుకు తగ్గట్టే పంటలూ ఉంటాయి. గోధుమ, ఆలివ్, ద్రాక్ష, గొర్రెలు, పందుల మేపకం. వీటితో పాటు బెండు ఓక్ చెట్టు. సీసాలకు బిగించే బిరడాలు దీని బెరడు నుంచే వస్తాయి. చెట్టును నరకరు. బెరడు ఒక్కటే గొడ్డళ్లతో జాగ్రత్తగా ఒలుస్తారు. నాటిన పాతికేళ్లకు గాని మొదటి ఒలుపు రాదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకోసారి. మొదటి రెండు ఒలుపులూ బిరడాలకు పనికిరావు, మూడోసారి నుంచే మంచి సరుకు. అంటే తాత నాటితే మనవడు ఒలుచుకోవాలి. ప్రపంచానికి కావలసిన బెండులో సుమారు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది.

ఈ ప్రాంతానికి ఇంకో లక్షణం ఉంది. ఉత్తర పోర్చుగల్‌లో కమతాలు చిన్నవి. అలెంతేజోలో మాత్రం వందలు, వేల ఎకరాల భూములు కొద్దిమంది దొరల చేతుల్లో ఉండేవి. తక్కినవాళ్లంతా కూలీలు. పని ఉంటే తిండి, లేకపోతే పస్తు. ఈ సంగతి గుర్తుంచుకుంటేనే ట్రస్టు కథ పూర్తిగా అర్థమవుతుంది.

పొగాకు సొమ్ముతో మొదలు

ఈ భూములు కూడబెట్టిన కుటుంబానికి మూలపురుషుడు జోసె మరియా యుజేనియో ద అల్మైదా. 1811లో పుట్టి 1872లో పోయాడు. అప్పట్లో పొగాకు వ్యాపారాన్ని ప్రభుత్వం కాంట్రాక్టుకు ఇచ్చేది. ఆ కాంట్రాక్టులో ఆయన బాగా గడించాడు. 1834లో పోర్చుగల్ ప్రభుత్వం క్రైస్తవ మఠాలను రద్దు చేసి వాటి ఆస్తులను స్వాధీనం చేసుకుంది. తర్వాత వాటిని అమ్మకానికి పెట్టింది. డబ్బున్నవాళ్లు కొన్నారు. ఎవొరా ఊరి బయట కార్తూషా మఠం అనే పెద్ద కట్టడం ఉంది. 1587లో స్థాపించారు. మౌనవ్రతం పాటించే సన్యాసుల మఠం అది. 1871లో ఈ మఠం అల్మైదా కుటుంబం చేతికి వచ్చింది.

ఆ పక్కనే వాల్‌బోం అనే తోట ఉంది. ఒకప్పుడు ఎవొరా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే జెసూట్ పాదిరీల విడిది ఇది. 1759లో జెసూట్‌లను దేశం నుంచి వెళ్లగొట్టారు. 1776 నాటికే అక్కడ ద్రాక్ష తొక్కి రసం తీసే పెద్ద కేంద్రం నడుస్తుండేది. తరువాతి కాలంలో ట్రస్టు వైన్ తయారీకి ఇదే పునాది అయింది.

1963లో పడిన అడుగు

ఈ ఆస్తి చివరికి వాస్కో మరియా యుజేనియో ద అల్మైదా చేతికి వచ్చింది. 1913లో పుట్టినవాడు. విల్యాల్వా ప్రభువు అన్న బిరుదు కూడా ఉంది. ఆయన మొదట శిథిలమైన కార్తూషా మఠాన్ని బాగు చేయించి, 1960లో సన్యాసులకే తిరిగి అప్పగించాడు. మూడేళ్ల తర్వాత 1963లో ట్రస్టు పెట్టాడు. కుటుంబ భూములను ట్రస్టుకు రాసిచ్చాడు. చదువు, సంస్కృతి, సమాజ సేవ, ఆధ్యాత్మిక విషయాలు.. వీటి కోసం ఎవొరా ప్రాంతంలోనే ఖర్చు పెట్టాలన్నది ఉద్దేశం.

జెసూట్‌లు వెళ్లిపోయాక ఎవొరాలో రెండు వందల ఏళ్లు విశ్వవిద్యాలయం లేదు. ట్రస్టు తన తొలి పనుల్లో ఒకటిగా 1964లో ఆర్థిక, సామాజిక శాస్త్రాల కళాశాల మొదలు కావడానికి సాయపడింది. ఆ ఊళ్లో పెద్ద చదువులు మళ్లీ మొలకెత్తడానికి అది ఒక కారణం. తరువాత 1970 దశకంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయం మళ్లీ వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాస్కో దానంగా ఇచ్చింది రొక్కం కాదు, భూమి. రొక్కం ఇస్తే ఖర్చయిపోతుంది. భూమి ఏటా పండుతుంది. పండించే సామర్థ్యం ఉన్నన్నాళ్లూ దానం ఆగదు. మన ఊళ్లలో గుడికి మాన్యం, సత్రానికి పొలం రాసిచ్చిన పెద్దల ఆలోచన కూడా ఇదే. అయితే ఆ మాన్యాల్లో చాలావాటి గతి ఏమైందో ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రాసివ్వడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు.

కూలీల కడుపు మంట

దొర దానం చేశాడు, బాగుంది. మరి ఆ ప్రాంతపు కూలీల సంగతేమిటి? ఇది కూడా చెప్పుకోకపోతే కథ సగమే అవుతుంది.

ఆ రోజుల్లో పోర్చుగల్‌లో సలజార్ నియంతృత్వం ఉండేది. 1954లో అలెంతేజోలోని బలైజావ్ గ్రామంలో గోధుమ కోతల కూలి పెంచమని ఆడవాళ్లు అడిగారు. వాళ్లలో కతరీనా యుఫేమియా అనే కూలి మహిళను గ్రామీణ పోలీసు అధికారి కాల్చి చంపాడు. ఆమె పేరు ఇప్పటికీ అక్కడ పాటల్లో ఉంది. పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు గూకే దాకా పని చేసే పద్ధతి పోయి, ఎనిమిది గంటల పని రావడానికి 1962 దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా సమ్మెలు చేశాకే.

1974 ఏప్రిల్ 25న సైనికులు నియంతృత్వాన్ని కూలదోశారు. మరుసటి ఏడాది అలెంతేజోలో భూమి లేని కూలీలు దొరల భూముల్లోకి దిగారు. పది లక్షల హెక్టార్లకు పైగా, అంటే పాతిక లక్షల ఎకరాల భూమి వాళ్ల స్వాధీనంలోకి వచ్చింది. సహకార సేద్యం మొదలుపెట్టారు. ట్రస్టు భూములు కూడా చేజారాయి. ట్రస్టు పెట్టిన వాస్కో ఆ 1975లోనే కన్నుమూశాడు.

1977లో వచ్చిన చట్టంతో గాలి తిరిగింది. భూములు మెల్లమెల్లగా పాత యజమానులకు తిరిగి వెళ్లాయి. సహకార సంఘాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ట్రస్టు భూములూ వెనక్కి వచ్చాయి. ఇది న్యాయమా, అన్యాయమా అన్నది అక్కడి జనం ఈనాటికీ తేల్చుకోలేదు. తాతలు భూమిలోకి దిగిన ఇంట్లో ఒక మాట వినిపిస్తుంది, భూమి పోయిన ఇంట్లో ఇంకో మాట వినిపిస్తుంది.

చచ్చిన పేరుకు ప్రాణం

భూములు చేతికొచ్చాక ట్రస్టు వైన్ మీద దృష్టి పెట్టింది. ఎవొరా దగ్గర పేరా-మాంకా అనే పాత వైన్ పేరు ఒకటుండేది. పేరుకు అర్థం కదిలే రాయి అని. నేల మీద ఊగుతూ ఉండే బండరాళ్ల వల్ల ఆ చోటికి ఆ పేరు వచ్చిందంటారు. 1500లో బ్రెజిల్ చేరిన కబ్రాల్ ఓడల్లో ఈ వైన్ ఉండేదని కూడా చెప్పుకుంటారు. 1897, 1898లలో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో దీనికి బంగారు పతకాలు వచ్చాయి. అప్పట్లో దీన్ని సోరెస్ అనే కుటుంబం తయారు చేసేది. తర్వాత ఆ కుటుంబం తయారీ మానేసింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా ఏళ్లు ఆ పేరు మూలన పడింది.

1987లో ఆ కుటుంబపు వారసుడు ఆ పేరును ట్రస్టుకు ఇచ్చేశాడు. 1990 పంటతో ట్రస్టు మళ్లీ పేరా-మాంకా ఎర్ర వైన్ చేసింది. సీసా మీది చీటీకి కొత్త బొమ్మ వేయించలేదు. రోక్ గమైరో అనే పేరున్న చిత్రకారుడు ఆ పాత వైన్ కోసం గీసిన ప్రకటన బొమ్మనే తీసుకుని అతికించారు. జనం మరిచిపోయిన సరుకును పాత బొమ్మతోనే గుర్తు చేశారు.

ఇక అసలు గొప్ప ఇది. ఈ ఎర్ర వైన్‌ను ఏటా చేయరు. 1990, 1991 పంటలతో చేశారు. 1992, 1993లో చేయలేదు. 1994, 1995లో చేశారు. 1996లో మానేశారు. 1997, 1998లో చేశారు. మళ్లీ 2001 దాకా లేదు. కాయ నాణ్యత తమ లెక్కకు తూగకపోతే ఆ ఏడాది ఆ పేరు వాడరు. ఆ పండును తక్కువ ధర రకాలకు మళ్లిస్తారు. ఆ ఏడు వచ్చే డబ్బు పోతుంది. పేరు మాత్రం నిలుస్తుంది. ఇప్పుడు పోర్చుగల్‌లో బాగా ఖరీదైన వైన్లలో ఇదొకటి.

పండు నుంచి సీసా దాకా

మనం తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పందిళ్ల మీద విరగకాసిన అనాబ్-ఎ-షాహి గుర్తుండే ఉంటుంది. పెద్ద కాయ, పలచని తోలు, ఎకరాకు టన్నుల కొద్దీ దిగుబడి. వైన్ ద్రాక్ష కాయ చిన్నది. తోలు మందం, గింజ ఉంటుంది, తీపి బాగా ఎక్కువ. ఎర్ర వైన్‌కు రంగు, వగరు వచ్చేది తోలు నుంచే. కాబట్టి చిన్న కాయే మేలు. దిగుబడి మరీ పెరిగితే రసం పలచబడుతుందని కొమ్మలు కత్తిరించి, అవసరమైతే పచ్చి గుత్తులు కూడా తీసేస్తారు.

పేరా-మాంకా ఎర్ర రకానికి అరగొనేష్, త్రింకదైరా అనే రెండు రకాల ద్రాక్ష వాడతారు. తెల్లదానికి అంతావ్ వాజ్, అరింతో రకాలు. ఇవన్నీ ఆ ప్రాంతంలో తరతరాలుగా వేస్తున్నవి. ఎండకు తట్టుకుంటాయి. బయటి రకాల మోజులో పడి వీటిని వదులుకోలేదు.

ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో కోతలు. ఎర్ర వైన్‌కు కాయను చిదిపి, తోలుతో సహా తొట్లలో పులియబెడతారు. ఈస్టు అనే సూక్ష్మజీవి పండులోని తీపిని తిని ఆల్కహాలుగా మారుస్తుంది. ఆ తర్వాత వడగట్టి ఓక్ పీపాల్లో సుమారు ఏడాదిన్నర ఉంచుతారు. సీసాలకు ఎక్కించాక కూడా వెంటనే అమ్మరు. కార్తూషా మఠం నేలమాళిగలో ఇంకొన్నాళ్లు నిలవ ఉంచుతారు. ఒక సీసాకు కిలోకు పైనే పండు పడుతుంది. పండు పండుగానే అమ్మితే ఆ పూటకే డబ్బు చేతికొస్తుంది గాని, ధర చెప్పేది కొనేవాడు. సీసాలో పెట్టి నిలవ ఉంచగలిగితే ధర చెప్పేది అమ్మేవాడు. తేడా అంతా ఇక్కడే.

అయితే ఏళ్ల తరబడి సరుకును ఆపుకోవాలంటే వెనక దన్ను కావాలి. పీపాలు, నేలమాళిగ, అప్పటిదాకా గడవడానికి డబ్బు. ట్రస్టుకు అవి ఉన్నాయి. అలెంతేజోలో చిన్న తోటల వాళ్లకు అవి లేవు. అందుకని బోర్బా, రెదోందో, రెగెంగోష్ వంటి ఊళ్లలో వాళ్లు సహకార వైన్ కేంద్రాలు పెట్టుకున్నారు. ఎవరి తోట వాళ్లదే, పీపాలు అందరివీ.

బొమ్మలు, చదువులు, ఆసరా

లాభం ఎక్కడికి పోతుందో చూద్దాం. ఎవొరా నడిబొడ్డున ఒక పెద్ద భవనం ఉంది. ఒకప్పుడు అది క్రైస్తవ మత విచారణ కోర్టు. మతం తప్పారని జనాన్ని పట్టుకొచ్చి, హింసించి, శిక్షలు వేసిన చోటు. 1821లో ఆ కోర్టులు రద్దయ్యాయి. ఇప్పుడు అదే భవనంలో ట్రస్టు చిత్రశాల నడుపుతోంది. ఈ కాలపు చిత్రకారుల, శిల్పుల పనులు అక్కడ ప్రదర్శిస్తారు. జనం పేరు చెబితే వణికిన చోటికి ఇప్పుడు బొమ్మలు చూడ్డానికి వస్తున్నారు.

దాని పక్కనే రంగుల ఇళ్లు అనే పాత కట్టడం ఉంది. పదహారో శతాబ్దంలో గోడల మీద వేసిన బొమ్మలున్నాయి. వింత జంతువులు, పక్షులు, జలకన్యలు. ఈ ఇల్లు వాస్కోడగామాదని ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఆ గోడ బొమ్మలనూ ట్రస్టే కాపాడుతోంది. ఎవొరా పాత పట్టణాన్ని 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2027కు ఐరోపా సాంస్కృతిక రాజధానుల్లో ఒకటిగా ఎవొరాను ఎంపిక చేశారు.

వీటితో పాటు విద్యార్థులకు ఉపకార వేతనాలు, ముసలివాళ్లను, దిక్కులేనివాళ్లను చూసుకునే సంస్థలకు సాయం, సేవ చేయాలనుకునేవారికి శిక్షణ.. ఇవీ ట్రస్టు పనులు. మఠంలో మాత్రం ఒక మార్పు వచ్చింది. వాస్కో పిలిపించిన సన్యాసుల వరసలో చివరివాళ్లు వయసు మీదపడి 2019లో వెళ్లిపోయారు. వాళ్ల తర్వాత ఆ మఠం సన్యాసినులకు ఇచ్చారు.

ఫ్రాన్స్‌లో ఆసుపత్రి వేలం

తోటతో ధర్మం నడపడం పోర్చుగల్‌లోనే కాదు. ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణంలో 1443లో నికొలా రోలాన్ అనే మంత్రి, ఆయన భార్య గిగోన్ కలిసి పేదల కోసం ఆసుపత్రి కట్టించారు. యుద్ధాలు, కరువులతో జనం అల్లాడుతున్న రోజులవి. ఆ తరువాత తరతరాలుగా జనం ఆ ఆసుపత్రికి ద్రాక్ష తోటలు రాసిస్తూ వచ్చారు. ఇప్పుడు సుమారు 60 హెక్టార్లు, అంటే 150 ఎకరాల తోట ఉంది. 1859 నుంచి ఆ తోటల వైన్‌ను వేలం వేస్తున్నారు. నవంబరు మూడో ఆదివారం జరిగే ఈ వేలానికి దేశదేశాల వ్యాపారులు వస్తారు. వచ్చిన డబ్బు ఆసుపత్రికి, ధర్మ కార్యాలకు చేరుతుంది.

అక్కడా బొమ్మ ఉంది. రోగుల హాలులో ప్రార్థన చోట పెట్టడానికి రోగియర్ వాన్ డెర్ వైడెన్ అనే గొప్ప చిత్రకారుడితో అంతిమ తీర్పు చిత్రం వేయించారు. అది ఇప్పటికీ బోన్‌లోనే ఉంది. మంచంలో పడుకున్న పేదవాడికి కూడా మంచి బొమ్మ చూసే హక్కు ఉందని ఆరు వందల ఏళ్ల కిందటే అనుకున్నారన్నమాట.

మన రైతు చూడాల్సింది ఏమిటి?

వేల ఎకరాల ట్రస్టుకూ రెండెకరాల రైతుకూ పోలిక లేదు. అయినా మూడు విషయాలు అందరికీ పనికొస్తాయి.

ఒకటి, పేరు కూడా ఆస్తే. చాలా ఏళ్లు మూలన పడినా ఒక్క పేరుకే విలువ ఎలా నిలిచిందో చూశాం. మన గుంటూరు సన్నం మిరపకు, బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు ఉంది. కాగితం మీద గుర్తింపు వస్తే చాలదు. ఆ పేరుతో వెళ్లే ప్రతి బస్తా ఆ పేరుకు తగినట్టు ఉండాలి. నాసి సరుకు కలిపిన రోజున పోయేది ఆ బస్తా ధర ఒక్కటే కాదు, ఊరందరి పేరు.

రెండు, నిలవ ఉంచుకునే శక్తి ఒక్కడికి ఉండదు, పదిమందికి ఉంటుంది. బోర్బా, రెదోందో చిన్న రైతులు చేసింది అదే. మన దగ్గర రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టే ఉద్దేశమూ అదే. సంఘం బోర్డు కట్టడం కాదు, గిడ్డంగి, తూకం, లెక్కల పుస్తకం సరిగ్గా ఉన్నాయా అన్నది చూసుకోవాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ధర్మం కూలికి బదులు కాదు. అలెంతేజోలో ఇప్పటికీ పొలం పనులకు చేతులు చాలడం లేదు. ఆ లోటు తీర్చేది నేపాల్, భారత్, బంగ్లాదేశ్ నుంచి వెళ్లిన వలస కూలీలు. 2021లో కరోనా సమయంలో అలెంతేజో తీర ప్రాంతమైన ఒదెమిరాలో వాళ్లు ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతుకుతున్న సంగతి బయటపడి దేశమంతా గగ్గోలు పుట్టింది. అది ఈ ట్రస్టు తోటల సంగతి కాదు, అక్కడి పాలిథిన్ పందిళ్ల కింద పండ్లు, కూరగాయలు పండించే చోట్ల సంగతి. కానీ ప్రశ్న ఒక్కటే. సరుకుకు వచ్చిన ధరలో కోసిన చేతికి ఎంత దక్కింది?

కూలి, ధర సరిగ్గా చెల్లించాక మిగిలిన దాంట్లోంచి బడికో, ఆసుపత్రికో, ఓ చిత్రశాలకో ఇస్తే అది ధర్మం. వాటిని ఎగ్గొట్టి ఇస్తే కూలివాడి సొమ్ము కూలివాడికే దానం చేసినట్టు. సంఘం పెట్టుకునే రైతులు మొదటి సమావేశంలోనే లాభంలో ఎవరి వాటా ఎంతో, ఊరి పనికి ఎంతో, పొలంలో పనిచేసేవాళ్లకు ఎంతో రాసుకోవడం మంచిది. పంట చేతికి వచ్చాక కూర్చుని తేల్చుకుందామంటే తగువు తప్ప లెక్క తేలదు.